మార్కుల మెమో వెనక మిగిలిపోయిన ఎనిమిదో తరగతి

నెల్లూరు జిల్లాలో వడ్లు పండించే ఏ ఇంట్లో అడిగినా పుట్టి అంటే 850 కిలోలని ఠక్కున చెబుతారు. కోతలప్పుడు బేరమంతా పుట్టి లెక్కనే సాగుతుంది. అదే ఇంట్లో ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసిన పిల్లకో పిల్లాడికో ఒక చిన్న ప్రశ్న ఇచ్చి చూడండి. పుట్ల సంఖ్య ‘ప’ అనుకో, కిలోల సంఖ్య ‘క’ అనుకో, రెంటికీ ఉన్న సంబంధాన్ని సమీకరణంగా రాయి. ప = 850 క అని రాసేవాళ్లు తక్కువేమీ ఉండరు. ఒక పుట్టి 850 కిలోలు కాబట్టి చూడ్డానికి అది సరిగ్గానే కనిపిస్తుంది. కానీ ‘క’ స్థానంలో 1700 పెడితే ‘ప’ విలువ 14,45,000 వస్తుంది. కల్లంలో ఉన్న రెండు పుట్ల వడ్లు కాగితం మీద పద్నాలుగు లక్షల పుట్లు దాటాయన్నమాట. సరైన సమీకరణం క = 850 ప.

ఈ తప్పు మన పిల్లలొక్కరిదే కాదు. 1980 ప్రాంతంలో అమెరికాలో జాన్ క్లెమెంట్, ఆయన తోటి పరిశోధకులు మొదటి ఏడాది ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇలాంటిదే ఇచ్చారు. ‘ఈ యూనివర్సిటీలో ప్రొఫెసర్ల కంటే విద్యార్థులు ఆరు రెట్లు ఉన్నారు, సమీకరణం రాయండి’ అన్నదే ప్రశ్న. 37 శాతం మంది తప్పు రాశారు. వాళ్లలో ఎక్కువమంది చేసింది పైన చెప్పిన తిరగేసిన తప్పే. వాళ్లెవరూ లెక్కలంటే పారిపోయినవాళ్లు కాదు, కాలిక్యులస్ తరగతిలో కూర్చున్నవాళ్లు.

ఇందులో గుణకారం రాకపోవడం లేదు, సూత్రం మర్చిపోవడం లేదు. సమీకరణంలో అక్షరం వస్తువు పేరు కాదని, ఒక సంఖ్యకు బదులుగా నిలబడిందని మనసుకు పట్టకపోవడమే ఉంది. ఆ సంగతి మొదట చెప్పేది ఆరో తరగతిలో. ఏడు, ఎనిమిది తరగతుల్లో అది స్థిరపడాలి. స్థిరపడకపోయినా పదో తరగతిలో మంచి మార్కులు రావచ్చు, ఇంటర్లో అంతకంటే మంచివి రావచ్చు, ఎంట్రన్స్‌లో ర్యాంకు కూడా రావచ్చు. ఆ లోటు బయటపడేది మాత్రం యూనివర్సిటీ చదువు మొదలైన తొలి సెమిస్టర్లో. అప్పటికి ఇంట్లో ఫీజు కట్టేసి ఉంటారు.

మార్కులు చెప్పేది ఎంత?

ముందుగా ఒక మాట చెప్పాలి. మార్కులు అబద్ధం కావు. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పది దాకా పుస్తకం ముందు కూర్చున్న పిల్లలు కష్టపడి తెచ్చుకున్నవే అవి. అయితే ఏ పరీక్షయినా తాను అడిగినదాన్నే కొలుస్తుంది. అడగనిది ఆ మెమోలో ఉండదు.

ఏళ్ల తరబడి నడిచిన ఇంటర్ గణితం పేపర్ కట్టుబాటు చూడండి. ఒక్కో పేపర్ 75 మార్కులు. రెండేసి మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఏడు ఇస్తారు, ఐదు రాస్తే చాలు. ఏడు మార్కులవీ ఏడు ఇస్తారు, వాటిలోనూ ఐదే. అంటే పేపర్లో ఉన్న ప్రశ్నల విలువ 97, రాయాల్సింది 75. ఇలా వదిలేసుకునే వెసులుబాటు తప్పేమీ కాదు. అన్ని పరీక్షల్లోనూ ఏదో ఒక రూపంలో ఉంటుంది. చిక్కంతా ఏ అధ్యాయం నుంచి ఏ ప్రశ్న వస్తుందో ముందే తెలిసిపోవడంలో ఉంది. మొదటి సంవత్సరం ‘వన్ ఎ’ పేపర్లో మాత్రికల నుంచి ఏడు మార్కులవి రెండు, గణితానుగమనం నుంచి ఒకటి, త్రిభుజ ధర్మాల నుంచి ఒకటి, ఇలా ఒక పట్టికే ఉంటుంది. ఆ పట్టిక లెక్చరర్లకూ పిల్లలకూ కంఠతా. దాంతో చదువు రెండు ముక్కలవుతుంది. ఒకటి, ఏ రెండు అధ్యాయాలు వదిలేయాలో తేల్చుకోవడం. రెండోది, మిగిలినవాటిలో స్టార్ గుర్తున్న లెక్కలను చేయి తిరిగేదాకా రాయడం. చేయి తిరగడం మంచిదే. సంగీతానికి సాధన ఎలాగో లెక్కలకూ అలాగే. కాకపోతే ఒకే ఇరవై కీర్తనలు పాడిన గొంతుకు ఇరవై ఒకటోది ఇస్తే ఏమవుతుందో ఆ పరీక్ష ఎప్పుడూ అడగదు.

2025-26 నుంచి మొదటి సంవత్సరంలో ఎ, బి పేపర్లు పోయి వంద మార్కుల ఒకే గణితం పేపర్ వచ్చింది, పుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీవి అయ్యాయి. కొత్త పేపర్‌కు కూడా ఒక స్టార్ల పట్టిక తయారవుతుందా, పాత అలవాటు సడలుతుందా అన్నది రాబోయే రెండు మూడేళ్ల ప్రశ్నపత్రాల మీద ఆధారపడి ఉంటుంది.

ఇక ఏపీ ఈఏపీసెట్. మూడు గంటల్లో 160 బిట్లు, అందులో గణితానివి 80. ఒక్కో బిట్‌కు సగటున 67.5 సెకన్లు. అంత సమయంలో లెక్కను మొదటి నుంచి చివరిదాకా చేసేవాళ్లు అరుదు. ఇచ్చిన నాలుగు సమాధానాలనూ ఒక్కొక్కటే ప్రశ్నలో పెట్టి చూడటం, సున్నా, ఒకటి లాంటి తేలిక విలువలు వేసి మూడింటిని కొట్టేయడం, ఇవే పిల్లలు నేర్చుకునే మెలకువలు. వాటిలో తెలివి లేకపోలేదు. కానీ యూనివర్సిటీలో లెక్క కింద నాలుగు సమాధానాలు ఉండవు.

ఇదే పరీక్షలో ఇంకో సంగతి ఉంది. దాన్ని తల్లిదండ్రులు తప్పకుండా తెలుసుకోవాలి. తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. ప్రతి బిట్‌కూ నాలుగు ఎంపికలు. ప్రశ్న చదవకుండా 160 బిట్లకూ గుడ్డిగా గుర్తులు పెట్టినా సగటున 40 సరైనవి పడతాయి. జనరల్, బీసీ విద్యార్థులకు అర్హత మార్కు 25 శాతం, అంటే సరిగ్గా ఆ 40. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కనీస మార్కు లేదు. ఈ పరీక్ష పని పిల్లలను వరుసలో నిలబెట్టడం, ఆ పని అది చేస్తుంది. కానీ ‘మా వాడు ఈఏపీసెట్‌లో క్వాలిఫై అయ్యాడు’ అన్న వాక్యానికి ‘ఇంజినీరింగ్ గణితానికి సిద్ధంగా ఉన్నాడు’ అనే అర్థం లేదు. సీట్లు మిగిలిపోయే కాలేజీలో ఎంత వెనక ర్యాంకుకైనా సీటు దొరుకుతుంది. అక్కడ ఈ రెండు మాటల మధ్య దూరం మరీ ఎక్కువ.

తొలి సెమిస్టర్లో ఆ మూడు వరుసలు

నెల్లూరు వైపు ఇంజినీరింగ్ కాలేజీలు చాలావరకు జేఎన్‌టీయూ అనంతపురం కింద, ఒంగోలు వైపువి జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్నాయి. 2023లో వచ్చిన ఆర్23 సిలబస్‌లో రెండు చోట్లా మొదటి సెమిస్టర్ గణితం ‘లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాలిక్యులస్’. పిల్లల మాటల్లో ఎం-1. ఇంటర్నల్‌కు 30, సెమిస్టర్ పరీక్షకు 70. పాసవ్వాలంటే 70కి కనీసం 25, మొత్తం మీద 40 రావాలి. చూస్తే పెద్ద గోడేమీ కాదు. అయినా బ్యాక్‌లాగ్ అనే మాటను చాలామంది మొదటిసారి తమ గురించి వాడుకునేది ఈ సబ్జెక్టుతోనే.

ఎక్కడ పడిపోతున్నారో ఒక లెక్కలో దగ్గరగా చూద్దాం. రెండు వరుసల మాత్రిక. పై వరుసలో 4, 1. కింది వరుసలో 2, 3. దీనికి ఐగెన్ విలువలు కనుక్కోవాలి. నిర్వచనం చెప్పమంటే అందరూ చెబుతారు, అది కొత్త పాఠం, నిన్ననే విన్నారు. వికర్ణం మీది సంఖ్యల్లోంచి లాంబ్డా (కనుక్కోవాల్సిన విలువకు పెట్టుకున్న అక్షరం) తీసేసి నిర్ధారకం సున్నాకు సమానం చేయాలి. అదీ రాస్తారు: (4 − లాంబ్డా)(3 − లాంబ్డా) − 2 = 0. ఇక్కడిదాకా బీటెక్. ఇక్కణ్ణుంచి ఎనిమిదో తరగతి.

బ్రాకెట్లు విప్పితే 12 − 4 లాంబ్డా − 3 లాంబ్డా + లాంబ్డా² − 2. సర్దితే లాంబ్డా² − 7 లాంబ్డా + 10 = 0. విలువలు 2, 5. మైనస్ గుర్తుల దగ్గర చేయి తడబడిన విద్యార్థి రాసేది ఇంకోలా ఉంటుంది. రెండో బ్రాకెట్లో మైనస్ లాంబ్డాను నాలుగుతో సరిగ్గానే గుణిస్తాడు. మొదటి బ్రాకెట్లోని లాంబ్డా ముందున్న మైనస్‌ను మాత్రం రెండుచోట్లా వదిలేస్తాడు. దాంతో 12 − 4 లాంబ్డా + 3 లాంబ్డా − లాంబ్డా² − 2 అవుతుంది. సర్దితే లాంబ్డా² + లాంబ్డా − 10 = 0. దీని విచక్షణి 41. వర్గమూలం తెగదు. కారణాంకాలు దొరకవు. అక్కడ పెన్ను ఆగిపోతుంది. ‘ఐగెన్ విలువలు కష్టం’ అని ఆ పిల్లవాడు నమ్మడం మొదలుపెట్టేది ఆ క్షణంలో. నిజానికి ఐగెన్ విలువల పాఠం అతనికి అర్థమైంది. అర్థం కానిది ఐదేళ్ల కిందటి పాఠం. ఆ సంగతి అతనికి చెప్పేవాళ్లు లేరు.

బోర్డు మీద లెక్చరర్ ఈ మూడు వరుసలూ రాయరు. ‘సింప్లిఫై చేస్తే’ అని ఒక మాట అని చివరి వరుస రాసేస్తారు. సిలబస్ అవ్వాలి, క్లాసులో అరవై మంది ఉంటారు, ఆయన్ని తప్పుపట్టడానికేమీ లేదు. కానీ పిల్లలు జారిపడుతున్నది బోర్డు మీద కనిపించని ఆ మూడు వరుసల మధ్యే.

మాత్రిక కోటి (ర్యాంక్) కనుక్కునేటప్పుడు వరుసల్లోంచి వరుసలు తీసేయాలి. అక్కడ భిన్నాలు అడ్డొస్తాయి. అరలోంచి మూడింట రెండు వంతులు తీసేయమంటే పైన ఉన్నవి పైన, కింద ఉన్నవి కింద తీసేసి మైనస్ ఒకటి బై మైనస్ ఒకటి, కాబట్టి ఒకటి అని వేసిన జవాబుపత్రాలు పరీక్షలు దిద్దేవాళ్లకు కొత్త కాదు. అసలు జవాబు మైనస్ ఆరోవంతు. అరలోంచి అరకంటే పెద్దది తీసేస్తే నిండు ఒకటి ఎలా మిగులుతుందన్న అనుమానం రాకపోవడమే ఇక్కడ ఆలోచించాల్సిన విషయం. గుర్తు తప్పడం ఎవరికైనా జరుగుతుంది. జవాబు చూసి ‘ఇది కుదరదే’ అనిపించకపోవడం వేరే జబ్బు.

సోమశిల లెక్క

యూనివర్సిటీ గణితం అడిగేది రెండు రకాలు. పైన చూసింది చేతి పనితనం. రెండోది అర్థం. దానికి పెన్నా నది మీది సోమశిల కంటే మంచి ఉదాహరణ ఈ ప్రాంతంలో దొరకదు.

సోమశిల జలాశయం పూర్తి సామర్థ్యం సుమారు 78 టీఎంసీలు. వరదల రోజుల్లో పేపర్లో రెండు అంకెలు వస్తాయి: ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు, నిల్వ ఇన్ని టీఎంసీలు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు. కాబట్టి రోజంతా ఆగకుండా 11,574 క్యూసెక్కులు వస్తే ఒక టీఎంసీ చేరుతుంది. 20,000 వస్తూ 8,426 కిందికి వదులుతుంటే కూడా అంతే. క్యూసెక్కులు మారే వేగం, టీఎంసీలు పోగుపడిన మొత్తం. మొదటిది అవకలనం, రెండోది సమాకలనం. ఆత్మకూరు వైపు రైతుకు ఈ రెండు పేర్లూ తెలియకపోయినా రెండు భావాలూ తెలుసు.

ఇప్పుడు ఇంటర్ పూర్తయిన విద్యార్థిని అడగాల్సిన ప్రశ్న ఇది: ‘మూడు రోజులుగా ఇన్‌ఫ్లో తగ్గుతోంది, అయినా జలాశయంలో నీటిమట్టం పెరుగుతూనే ఉంది. ఇది ఎలా సాధ్యం?’ సైన్ ఎక్స్ అవకలజం ఎంతో చెప్పగలిగినవాళ్లు, ఏడు మార్కుల సమాకలనాన్ని పేజీన్నర రాయగలిగినవాళ్లు కూడా ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతారు. వచ్చే నీరు తగ్గినా, పోయే నీటికంటే ఎక్కువగా ఉన్నంతవరకు నిల్వ పెరుగుతుంది. పెరుగుదల వేగం తగ్గింది, పెరుగుదల ఆగలేదు. ఆ తేడా పట్టుకున్న పిల్లకు ఎం-1లో గరిష్ఠ, కనిష్ఠ విలువల పాఠం నల్లేరు మీద నడక. పట్టుకోని పిల్లకు అది ఇంకో సూత్రాల జాబితా.

లోటు ఎక్కడ మొదలవుతుంది?

2021 జాతీయ సాధన సర్వేలో (ఎన్‌ఏఎస్) గణితానికి దేశ సగటు, 500కు, మూడో తరగతిలో 306. ఐదో తరగతిలో 284. ఎనిమిదిలో 255. పదిలో 220. ఒక్కో తరగతికి పరీక్ష వేరు కాబట్టి ఈ అంకెలను ఒకే నిచ్చెన మెట్లుగా చూడకూడదు. అయినా దిగుతున్న తీరు కళ్లకు కడుతుంది. 2023లో 26 రాష్ట్రాల్లోని 28 గ్రామీణ జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను పరీక్షించిన అసర్ సర్వేలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 43.3 శాతమే. ఇంటర్‌లో, డిగ్రీలో చేరాల్సిన వయసు అది.

భాగహారం, భిన్నాలు అనగానే ప్రాథమిక పాఠశాల సంగతులని తేలిగ్గా తీసిపారేస్తాం. 2012లో రాబర్ట్ సీగ్లర్, ఆయన తోటివారు అమెరికా, బ్రిటన్ పిల్లల లెక్కలు చాలా ఏళ్ల పాటు పరిశీలించి ఒక విషయం తేల్చారు. పది, పన్నెండేళ్ల వయసులో భిన్నాలు, భాగహారం ఎంత వచ్చన్నదాన్ని బట్టి హైస్కూల్లో ఆల్జీబ్రా, మొత్తం గణితం ఎలా ఉంటాయో చాలావరకు ఊహించవచ్చు. తెలివితేటలు, ఇంటి ఆదాయం, తల్లిదండ్రుల చదువు లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలిచింది. ఒక రకంగా ఇది ధైర్యం ఇచ్చే మాట. ఇంటి ఆదాయాన్ని బడి మార్చలేదు, భిన్నాలు నేర్పగలదు.

మన దగ్గర భిన్నాలకు ఒకప్పుడు సొంత పేర్లు ఉండేవి. అర, పాతిక, పరక, వీసం. అరలో సగం పాతిక, పాతికలో సగం పరక, పరకలో సగం వీసం. పాత బడుల్లో పిల్లలు ఒకటిన్నర ఎక్కం, ముప్పాతిక ఎక్కం కూడా వల్లెవేసేవారు. ఆ కాలం తిరిగి రావాలని కాదు. కానీ వీసం అన్న మాట విన్న పిల్లకు అది ఎంత చిన్న ముక్కో ముందు తెలిసేది, రాసే పద్ధతి తర్వాత వచ్చేది. ఇప్పుడు తలకిందులైంది. ‘డినామినేటర్’ అన్న మాట నాలుగో తరగతికే నోటికొస్తుంది, అది మొత్తాన్ని ఎన్ని సమాన భాగాలు చేశారో చెప్పే సంఖ్య అన్న సంగతి రాదు. తెలుగు మీడియంలో ‘హారం’ అన్నా ఇదే గొడవ, కాబట్టి నెపం ఇంగ్లిష్ మీద వేయడం సరికాదు. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు ఇప్పుడు పిల్లల చేతుల్లో ఉన్నాయి. టీచరు ఆ రెండు పేజీలనూ కలిపి వాడితే వాటి విలువ చాలా ఉంది. ‘లవం’, ‘న్యూమరేటర్’ రెండూ ఒకే దోసె ముక్క మీద చూపిస్తే చాలు.

ఈ లోటు అందరికీ ఒకేలా రాదు. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు వానలు మొహం చాటేసిన ఏడాది పనుల కోసం ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. అమ్మానాన్నలతో పిల్లలు కూడా వెళతారు. రెండు నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్ల సాంఘికశాస్త్రంలో వెనకబడినా మొఘలుల పాఠం పోయిందంతే, స్వాతంత్ర్యోద్యమం కొత్తగా మొదలుపెట్టొచ్చు. లెక్కల్లో ఆ వీలు లేదు. పూర్ణసంఖ్యల కూడిక, తీసివేత జరిగిన ఆ రెండు నెలలు లేకపోతే ఆ తర్వాతి ప్రతి పాఠమూ కాస్త వంకరగానే తలకెక్కుతుంది. పైగా ఆ పిల్ల మందబుద్ధి కాదు, సోమరీ కాదు. ఒక మెట్టు లేని మెట్లదారిలో నడుస్తోంది. ఆ మెట్టు ఏదో కనిపెట్టడానికి పది లెక్కలు, ఒక అరగంట చాలు. కనిపెట్టకపోతే పదేళ్లు పడుతుంది.

ఎంపీసీ కాని పిల్లల మాట

ఈ చర్చ ఎప్పుడూ ఇంజినీరింగ్ చుట్టూనే తిరుగుతుంది. నిజానికి ఎక్కువ ప్రమాదంలో ఉన్నది పదో తరగతితో గణితానికి దండం పెట్టేసిన బైపీసీ, సీఈసీ పిల్లలు. నర్సింగ్, వ్యవసాయం, బీకాం, అర్థశాస్త్రం, ఏది చదివినా గణాంకశాస్త్రం ఎదురవుతుంది. కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ కింద చదివినా, ఒంగోలులోని ఆంధ్ర కేసరి యూనివర్సిటీ కింద చదివినా ఇంతే. వాళ్లకు సిద్ధపడటానికి ఇంటర్ రెండేళ్లు కూడా లేవు. పదో తరగతి సరాసరే వాళ్ల చివరి సరాసరి.

అదెంత బలంగా ఉండాలో పొగాకు వేలం చూస్తే తెలుస్తుంది. ఒక రైతు 300 కిలోలు కిలో 250 రూపాయలకు, 100 కిలోలు 150 రూపాయలకు అమ్మాడనుకుందాం. సరాసరి ధర ఎంత? రెండు ధరలు కూడి సగం చేస్తే 200. మొత్తం వచ్చిన 90,000ను 400 కిలోలతో భాగిస్తే 225. కొండపి, టంగుటూరు, కందుకూరు వేలం కేంద్రాలకు బేళ్లు తోలే రైతు రెండోదే లెక్క వేసుకుంటాడు, మొదటిది తనను ముంచుతుందని తెలుసు. భారిత సగటు అని పేరు పెట్టి డిగ్రీలో చెప్పేది అదే. ఆ రైతు ఇంటి నుంచి వచ్చిన విద్యార్థి పరీక్షలో 200 అని రాశాడంటే బడి, ఇల్లు అతని బుర్రలో రెండు వేరే గదుల్లో ఉన్నాయని అర్థం.

ట్రిపుల్ ఐటీల పద్ధతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఒంగోలు క్యాంపస్ సహా రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల కోర్సులో చేర్చుకుంటుంది. ప్రభుత్వ బడుల పిల్లలకు కొంత అదనపు స్కోరు కలుపుతుంది. తొలి రెండేళ్లు ఇంటర్‌తో సమానమైన పీయూసీ, తర్వాత నాలుగేళ్లు బీటెక్. ఎంట్రన్స్ బిట్ల పరుగు లేకుండా ఆ రెండేళ్లు తాపీగా పునాది వేసుకునే వీలు అందులో ఉంది. ఆ వీలును ఎంతవరకు వాడుకుంటున్నారన్నది క్యాంపస్‌నూ క్లాసునూ బట్టి మారుతుంది. కానీ ఆలోచన సరైనదే: ముందు చేర్చుకుని, తర్వాత సిద్ధం చేయడం.

మే నుంచి ఆగస్టు దాకా

మిగతా పిల్లల విషయంలో కాలెండర్‌లోనే ఒక ఖాళీ ఉంది. ఈఏపీసెట్ మే నెలలో అయిపోతుంది. కౌన్సెలింగ్, సీట్లు, చేరడాలు తెమిలి క్లాసులు గాడిలో పడేసరికి ఆగస్టు దాటుతుంది. ఆ మూడు నెలలు పిల్లలు లెక్కల పుస్తకం ముట్టరు. రెండేళ్ల పరుగు తర్వాత ఒక నెల విశ్రాంతి కావాల్సిందే. మిగిలిన రెండు నెలల్లో రోజుకు నలభై నిమిషాలు పాత ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాల మీద పెడితే చాలు. బీటెక్ పుస్తకం ముందే తెరవడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. నామోషీ అనుకోకూడదంతే.

ఎవరికి ఎంత అవసరమో తేల్చుకోవడానికి ఒక గంట చాలు. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి, మూడింట రెండులోంచి ‘ముప్పాతికను అరతో భాగించగా వచ్చినది’ తీసేయాలి. జవాబు మైనస్ ఆరింట ఐదు. దూరానికి వాడే సూత్రంలో, ఎస్ = యూటీ + అర ఏటీ², త్వరణాన్ని ఒంటరిగా ఒకవైపుకు తేవాలి. వై = 3 − 2 ఎక్స్ గీతను పట్టిక వేయకుండా గీసి, ఎటు వాలుతుందో కారణంతో చెప్పాలి. ధర 20 శాతం పెరిగి మళ్లీ 20 శాతం తగ్గితే మొదటి ధరకే ఎందుకు రాదో చెప్పాలి. నెల్లూరులో స్థలాలు కొలిచే అంకణం 72 చదరపు అడుగులు కదా, సెంటుకు 435.6 చదరపు అడుగుల లెక్కన సెంటుకు ఎన్ని అంకణాలో, ఎకరానికి ఎన్నో కట్టాలి. 6.05, 605 రావాలి. ఆ తర్వాత ఏ సంఖ్యను ఏ అక్షరంతో చూపితే సమీకరణం ఎటు తిరుగుతుందో రాయాలి. ఈ ఐదింటిలో నాలుగు తడుముకోకుండా చేసిన విద్యార్థి ఎంత ర్యాంకుతో వచ్చినా ఎం-1 దాటేస్తుంది. రెండే చేసినవాళ్లకు ఇంటర్లో తొంభై శాతం ఉన్నా సాయం కావాలి.

కాలేజీల వైపు నుంచి చూస్తే కొత్తగా ఏదీ కట్టక్కర్లేదు. మొదటి ఏడాది విద్యార్థులకు మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం పెట్టాలని సాంకేతిక విద్యను చూసే జాతీయ మండలి ఏఐసీటీఈ ఎప్పుడో చెప్పింది. చాలాచోట్ల అది స్వాగత సభలు, ఉపన్యాసాలు, యోగా క్లాసుతో గడిచిపోతుంది. అందులో ఒక పూట పైలాంటి పరీక్ష పెట్టొచ్చు. మార్కులు వేయకూడదు, పేర్లు గోడకెక్కించకూడదు. తప్పులను రకాలవారీగా విడదీయాలి: గుర్తుల తప్పు, భిన్నాల తప్పు, అక్షరానికి అర్థం తెలియని తప్పు. మొదటి రకానికి సాధన చాలు, రెండు వారాల్లో పోతుంది. మూడో రకానికి మాట్లాడాలి. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ‘ఈ క అంటే ఏమిటమ్మా’ అని అడగాలి. ‘కిలోలు సార్’ అంటే అక్కడే ఆగాలి. ‘కిలోల సంఖ్య’ అనేదాకా ముందుకు పోకూడదు.

అంతకంటే పెద్ద ఖాళీ ఇంకొకటి ఉంది. కనిగిరి హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ నేర్పిన భిన్నాలు ఏడేళ్ల తర్వాత ఒంగోలు ఇంజినీరింగ్ కాలేజీలో ఏమయ్యాయో ఆ టీచరుకు తెలిసే దారి లేదు. ఆయన దగ్గరికి చేరేది పదో తరగతి ఉత్తీర్ణత శాతం ఒక్కటే. ఆ శాతం మీదే సమీక్షలు, ఆ శాతం మీదే మెచ్చుకోళ్లు, చీవాట్లు. కాలేజీలో మొదటి వారం పెట్టిన పరీక్ష ఫలితాన్ని పిల్లల పేర్లు తీసేసి మండలాలవారీగా ఒక్క పేజీలో రాసి హైస్కూళ్లకు పంపితే ఖర్చు ఏమీ లేదు. ‘మీ వైపు నుంచి వచ్చినవాళ్లకు త్రికోణమితి బాగుంది. బ్రాకెట్ ముందు మైనస్ ఉన్నప్పుడు లోపలి గుర్తులు మార్చడం సగం మందికి పైగా మర్చిపోతున్నారు.’ ఇలాంటి రెండు వాక్యాలు జూన్‌లో బడి తెరిచే రోజుకు ఎనిమిదో తరగతి లెక్కల టీచరు చేతిలో ఉంటే, ఆ ఏడాది ఏ పాఠానికి రెండు రోజులు ఎక్కువ ఇవ్వాలో ఆయనకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.